కింద నిలబడే గొంతు

మామ మేళంలో నేను చేరేనాటికి నాకు పద్నాలుగేళ్లు. సన్నాయి నా చేతికివ్వలేదు, డోలు తాకనివ్వలేదు. శ్రుతి పట్టమన్నాడు. పందిట్లో మామ పక్కన చాప మీద కూర్చుని, వేళ్లతో పనిలేని పొడుగాటి గొట్టంలోకి ఒక్క స్వరం ఊదుతూ ఉండాలి. మామ కల్యాణి ఎత్తుకున్నా, మోహనలోకి దూకినా, గట్టిమేళం మోగినా నా స్వరం మారకూడదు, తెగకూడదు.

తెగకుండా ఊదడమెట్లాగో ముందు ఇంట్లో నేర్పించాడు. చెంబు నిండా నీళ్లు పోసి, బొప్పాయి కాడ ఒకటి విరిచి తెచ్చి, దాంతో నీళ్లలో బుడగలు ఊదమన్నాడు. బుడగలు ఆగకూడదు. బుగ్గల్లో దాచుకున్న గాలిని బయటికి తోసే ఆ లిప్తపాటులోనే ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి. మొదటి వారమంతా దగ్గే. కళ్లెర్రబడి, బుగ్గలు నొప్పెట్టి, అమ్మ దగ్గరికి పోయి మొరపెట్టుకునేవాణ్ని. రెండో నెలలో ఒకరోజు చెంబులో బుడగలు వాటంతటవే పుడుతున్నట్టు ఆగకుండా వచ్చాయి. మామ వాకిట్లో పీక నానబెట్టుకుంటూ చూసి తలూపాడు. అంతే, మెప్పుకోలు లేదు.

"అబ్బీ, పైన అరిసేదానికి ఊపిరుంటే సాలు. కింద నిలబడేదానికి కడుపు గావాల" అనేవాడు.

ఆ మాట అప్పట్లో నాకు ఎక్కలేదు. పందిట్లో ఎవరి చూపైనా సన్నాయి మీదే. ఒకసారి తెల్లవారుజాము ముహూర్తానికి కూర్చుని, నిద్రమత్తులో నేను శ్రుతి వదిలేశాను. మామ ఊదుతున్నది ఒక్కసారిగా గాల్లో వేలాడింది. అంతవరకూ మాటల్లో ఉన్న పెద్దమనుషులు కూడా ఇటు తిరిగారు. నా స్వరం ఉన్నంతసేపూ వాళ్లకు వినపడలేదు, ఆగిపోయాక వినపడింది. ఆ నాలుగు క్షణాల సిగ్గు నలభై ఏళ్లయినా నన్ను వదల్లేదు.

పోయిన నెల మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్‌లో ఒక రికార్డు పంపి, "నాయనా, ఇది నువ్వు వినాల్సిందే" అన్నాడు. సాయంత్రం మిద్దె మీద కూర్చుని విన్నాను. ఎదురుగా పడగ విప్పిన పాములాంటి మా కొండ. ఉరగకొండే ఉరవకొండ అయిందని మా పెద్దలు చెప్పేది ఆ రూపు చూసే. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. చెవిలో ఒకే ఒక్క వాద్యం: డ్రమ్ము లేదు, పియానో లేదు, తోడుగా ఇంకో మనిషి లేడు. మొదట గాడిపాడిలో ఎద్దు గొంతులోంచి వచ్చేలాంటి మూలుగు. అది నెమ్మదిగా చుట్లు తిరిగి, పాటై, పైకి లేచి, ఇంక పోలేదనుకున్న చోటు దాటి, పిట్ట కూతంత సన్నమై, అక్కణ్నుంచి ఒక్క ఉదుటున మళ్లీ అడుక్కి దూకింది. ఆ దూకినచోట మామ మాట గుర్తొచ్చింది. కింద నిలబడ్డాడు మహానుభావుడు.

ఆయన హామియెట్ బ్లూయెట్. వాయించినది బారిటోన్ శాక్సోఫోన్. ఆ రికార్డు పేరు 'బర్త్‌రైట్', 1977 నాటిది, ఆసాంతం ఒంటరి బారిటోన్. అచ్చువేసిన న్యూయార్క్ కంపెనీ పేరు ఇండియా నావిగేషన్. ఆ పేరు చదివి మనవాళ్లదేమో అనుకున్నాను, కాదు.

శాక్సోఫోన్ మనకు కొత్తది కాదు. బెల్జియం మనిషి అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంటు తీసుకున్న ఈ ఇత్తడి గొట్టం మిలిటరీ బ్యాండుల వెంట మన దేశం వచ్చి, సంస్థానాల కొలువుల్లో, తర్వాత మన ఊరేగింపుల్లో చేరింది. కద్రి గోపాల్‌నాథ్ దాన్ని కర్ణాటక సంగీతానికి ఒప్పించాడు. సన్నాయి ఇంట పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని మనసుపడి, ఏళ్ల తరబడి దానితో కుస్తీపట్టి గమకం పలికించాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బీబీసీ ప్రామ్స్‌లో వాయించాడు. 2019లో పోయాడు. ఆయనది ఆల్టో, అంటే మధ్య గొంతు. మా వైపు పెళ్లి బ్యాండుల్లో నేను చూసిందీ ఆల్టోనే. బారిటోన్ దానికి పెద్దన్న. ఐదారు కిలోల బరువు, మెడలో పట్టీ వేసి మోయాలి. పైభాగాన గొట్టం ఒక చుట్టు చుట్టుకుని ఉంటుంది. ఒక స్వరం పలకాలంటే ఆ పొడుగంతా గాలి నింపాలి. అందుకే పెద్ద జాజ్ బృందాల్లో దాన్ని వరస చివర్న కూర్చోబెట్టి, మిగతావాళ్ల కింద నేలలాగా వాడుకున్నారు. మా శ్రుతి గొట్టంలాగే.

బ్లూయెట్ 1940లో అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు బ్రూక్లిన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. న్యూయార్క్ బ్రూక్లిన్ వేరు. ఇది మిసిసిపీ నదికి ఇవతల, సెయింట్ లూయిస్ నగరానికి ఎదురుగా ఉన్న నల్లవాళ్ల ఊరు. బృందగానం నేర్పే మేనత్తో పిన్నో ఒకావిడ చిన్ననాడు సంగీతం చెప్పింది. తొమ్మిదేళ్లకు క్లారినెట్ పట్టాడు, ఊరి డాన్సుల్లో వాయించాడు, 1961లో నౌకాదళపు బ్యాండులో చేరాడు. ఇరవయ్యో పడిలో ఉండగా బోస్టన్‌లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం కచేరీలో హ్యారీ కార్నీ బారిటోన్ విన్నాడు. కార్నీ 1927 నుంచి ఎల్లింగ్టన్ పోయేదాకా, దాదాపు నలభై ఏడేళ్లు, అదే బృందంలో అదే వాద్యం పట్టుకున్నవాడు. ఊపిరి తెగకుండా ఒక స్వరాన్ని ఎంతసేపైనా నిలిపేవాడు. బుగ్గల్లో గాలి దాచి ముక్కుతో పీల్చే ఆ విద్యే, మామ నాకు బొప్పాయి కాడతో నేర్పిందే. కింది గొంతు వరస చివర్నుంచి లేచొచ్చి ముందు నిలబడి పాడగలదని ఆ రాత్రి బ్లూయెట్‌కు తెలిసింది.

తెలిశాక ఆయన ఊరికే కూర్చోలేదు. 1968 ప్రాంతంలో సెయింట్ లూయిస్‌లో నల్లజాతి కళాకారులు బ్లాక్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అని కట్టుకున్నారు. సంగీతం, నాటకం, నాట్యం, కవిత్వం ఒకే గూటికింద. అందులో పెద్ద బృందాన్ని బ్లూయెట్ నడిపాడు. 1969లో న్యూయార్క్ చేరాడు. చార్లెస్ మింగస్ దగ్గర వాయించాడు. 1976లో జూలియస్ హెంఫిల్, ఆలివర్ లేక్, డేవిడ్ మర్రేలతో కలిసి వరల్డ్ శాక్సోఫోన్ క్వార్టెట్ పెట్టాడు. న్యూ ఆర్లీన్స్‌లో ఒక విశ్వవిద్యాలయానికి కిడ్ జోర్డన్ అనే శాక్సోఫోన్ గురువు పిలిస్తే పోయి, నలుగురూ అక్కడ కలిసి వాయించారు.

ఆ నాలుగు శాక్సోఫోన్ల సంగతి కొంచెం ఆగి చెప్పాలి. తాళానికి డ్రమ్ములుండవు, అడుగున మోయడానికి బాస్ తీగలుండవు. నలుగురు ఊదుతారు, అంతే. మన లెక్కలో డోలు లేని మేళం. మేళం పడిపోకుండా ఎవరు మోయాలి? బ్లూయెట్. ఆయన కట్టిన 'హ్యాటీ వాల్' అనే పాటను వాళ్లు తమ గుర్తుపాటగా వాడుకునేవారు. అందులో బారిటోన్ కాలు నేలకేసి తొక్కుతున్నట్టు ఒక నడకను మళ్లీ మళ్లీ వేస్తూ పోతుంది. మిగతా ముగ్గురూ దాని మీద ఎగురుతారు. నేను ఎదురుచూస్తూ విన్నది ఒక చోటు కోసం: మోసేవాడే ఎగరడానికి పోతే మేళం ఏమవుతుంది? అట్లా పోయినప్పుడు కూడా ఆ నడక చెవిలో ఆగలేదు. కాసేపటి ముందు దాకా అంత గట్టిగా తొక్కాడు గనక, ఆయన వదిలేసినా విన్నవాడి కాలు తొక్కుతూనే ఉంటుంది. ఇది మామూలు సాహసం కాదు. పైకి పోవడం సాహసమని చాలామంది అనుకుంటారు. బారిటోన్ సహజంగా పలికేది రెండున్నర స్థాయిలు. ఈయన ఐదు స్థాయిల దాకా లాగాడని ఆయన్ని మెచ్చేవాళ్లు ముందు అదే చెబుతారు. నాకు మాత్రం ఆ పైస్వరాల కన్నా, అక్కణ్నుంచి దూకి సరిగ్గా శ్రుతి మీద కాలు పెట్టడమే గొప్పగా తోచింది. శ్రుతి పట్టినవాడికి కనబడే గొప్ప అది.

బారిటోన్‌ని వాయించేవాళ్లు ముద్దుగా 'బారి' అంటారట. అది విని ఉలిక్కిపడ్డాను. నాదస్వరంలోనూ బారి ఉంది.

పాతకాలపు నాదస్వరం పొట్టిది, పైశ్రుతిది. దాన్ని తిమిరి అంటారు. ఊరేగింపులో నాలుగు వీధులకు వినబడడానికి ఆ కీచు పనికొచ్చేది. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై దాన్ని దించాడు. తంజావూరు జిల్లా నరసింగంపేటలో వాద్యం చేసే ఆచారి చేత పొడుగాటి నాదస్వరం చేయించాడు. అదే బారి. శ్రుతి తగ్గింది, గొంతు నిండింది, అంతకు ముందు సరిగ్గా పలకని శుద్ధ మధ్యమం స్థానంలో నిలిచింది. మంద్రంలో రాగం పరుచుకోవడానికి చోటు దొరికింది. దానికి తగ్గట్టే ఊపిరి కూడా ఎక్కువ అడిగింది.

ఆ తంజావూరు బాణీ కోసం మన ఒంగోలు పక్క కరవది నుంచి ఒక తెలుగువాడు పోయాడు. షేక్ చినమౌలానా. 1924లో పుట్టాడు. తరతరాలుగా నాదస్వరం ఊదే ముస్లిం కుటుంబం. తండ్రి దగ్గర, చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నాడు. అక్కడితో ఆగితే ఆంధ్రలో ఆయనకు లోటు లేదు. కానీ చెవిన పడ్డ బారి నాదం ఆయన్ని ఊరుకోనివ్వలేదు. నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నాడు. ఆ తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో ఊదాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏడాది పోయాడు. చేతిలో విద్య ఉండి, పేరు ఉండి, మళ్లీ మొదటి పాఠానికి కూర్చోవడం ఎంత కష్టమో మేళంలో ఉన్నవాళ్లకు తెలుసు. వేళ్లు పాత దారికే పోతాయి. పాత ఊపిరి చాలదు. నాకు బ్లూయెట్ పక్కన ఈయన్ని నిలబెట్టి చూసుకోవాలనిపిస్తుంది. ఇద్దరూ కింది గొంతు వెంటపడి ఇల్లు దాటినవాళ్లే.

మా అనంతపురం సీమకు కింది గొంతు కొత్తేమీ కాదు. మాకు ఉరుములున్నాయి. జాతరల్లో ఉరుములవాళ్లు ఆడతారు. మెడలో వేలాడే ఆ వాద్యానికి ఒకవైపు చర్మం మీద వంకర పుల్లతో రాస్తే మూలుగు పుడుతుంది. ఆకాశం మాట తప్పే నేల మీద వాద్యానికి ఉరుమని పేరు పెట్టుకున్నారు మావాళ్లు. చిన్నప్పుడు జాతరలో ఆ శబ్దం చెవికంటే ముందు కడుపులో తగిలేది. 'బర్త్‌రైట్' మొదటి మూలుగు కూడా నాకు అక్కడే తగిలింది. వేరుశనగ చేలో జూలై ఆఖర్న పడమట ఉరిమితే ఊరంతా మాట ఆపి వింటుంది. వాన వచ్చినా రాకపోయినా వింటుంది. అట్లా విన్నాను.

బ్లూయెట్ 2018 అక్టోబరులో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, పుట్టినూరికి ఎదుటి ఒడ్డున సెయింట్ లూయిస్‌లో పోయాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందు నాలుగు బారిటోన్లను ఒక్కచోట చేర్చి ఒక బృందం కట్టి రికార్డు చేశాడు. వరస చివరి మనుషులందరినీ పిలిచి వరస కట్టాడు. అది కూడా పంపమని అబ్బాయికి చెప్పాను.

ఈ ఎండల్లో మామ పాత మిద్దె దించేశాం. మామ లేడు, వానకు ఒక మూల కూలింది, ఇంక ఉంచడానికి వీల్లేకపోయింది. మట్టి దింపాక నడిమి దూలం బయటపడింది. ఏపి మాను. నారేపి అని కూడా అంటారు, మా మెట్ట అడవుల్లో పెరిగే చెట్టు. తమిళులు దాన్ని ఆచ్చా అంటారు, నరసింగంపేటలో నాదస్వరం చేసేది ఆ మానుతోనే. పచ్చిమాను పనికిరాదు. ఏళ్లకేళ్లు ఇళ్లను మోసి ఎండిన దూలాలను వెతికి కొనుక్కుంటారు. మామకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఆ దూలం కిందే నాకు చెంబూ బొప్పాయి కాడా ఇచ్చాడు.

కూలీలు దూలాన్ని ట్రాక్టరులోకి ఎత్తబోతుంటే ఆపి, గోడ నీడకు చేర్పించాను. మా మనవరాలు వచ్చి ఏంది తాతా అంది. దాన్ని ఆ చివర కూర్చోబెట్టి పిన్నీసుతో గీకమన్నాను. ఈ చివర చెవి ఆనించాను. పన్నెండడుగుల అవతల గీకుతున్న పిన్నీసు చెవి పక్కనే గీకినంత స్పష్టంగా వినిపించింది. "తాతా, నేనూ" అని పిన్నీసు నా చేతికిచ్చి, పరుగెత్తుకుంటూ వచ్చి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. నేను ఆ చివరికి పోయి, పిన్నీసు పక్కన పెట్టి, దూలం మీద పిడికిలితో మెల్లగా ఒక దెబ్బ వేశాను.