రేవునగరమును దర్శించు విద్య

మధ్యధరాసముద్రమున విహారనౌకలపై సంచరించువారికి ఒక్కొక్క రేవున లభించు వ్యవధి మిక్కిలి స్వల్పము. ఉదయమున నౌక రేవు చేరును. సాయంకాలమునకే మరల బయలుదేరును. ఆ కొద్ది గంటలలో బస్సులెక్కుచు, దిగుచు, ప్రసిద్ధస్థలములన్నిటిని చూచితిమనిపించుకొనవలెనను ఆతురతతో పరుగిడు సహయాత్రికులను చూచినప్పుడెల్ల, రేవునగరమును దర్శించుట యొక విద్య యనియు, తక్కిన విద్యలవలెనే దానికిని క్రమము, నియమము, ముఖ్యముగా త్యాగము అవసరమనియు నాకు తోచుచుండును. నాకు ఈ విద్యను బోధించిన నగరము మాల్టాద్వీపమునందలి వలెట్టా.

ఈ దర్శనము నౌక డెక్కుమీదనే ప్రారంభము కావలెను. మహారేవులోనికి ప్రవేశించునపుడు కుడివైపున సెయింట్ ఎల్మో దుర్గమును, పిదప ఎడమవైపున సెయింట్ ఆంజెలో దుర్గమును కన్పట్టును. 1565లో ఒట్టోమన్ సేనలు ద్వీపమును ముట్టడించి, నేడు వలెట్టా నిలిచియున్న గుట్టమీద ఫిరంగులు నెలకొల్పి, సుమారు నెలదినములు ఘోరసంగ్రామము సల్పి ఎల్మోను పట్టుకొనెను. ఆంజెలోను మాత్రము సాధింపలేక సెప్టెంబరులో వెడలిపోయెను. శత్రువునకు ఆధారమైన ఆ గుట్టను మరల శూన్యముగా విడుచుట ప్రమాదమని యెంచి, సెయింట్ జాన్ వీరసంఘాధిపతి జాన్ ద వలెట్ 1566 మార్చి 28న దానిమీదనే నూతననగరమునకు శంకుస్థాపన చేసెను. పుటలకొలది చదివినను మనసునకెక్కని ఈ కారణము, ఆ రెండు దుర్గములను, నడుమనున్న జలమును ఒక్కచూపున చూచినంతనే బోధపడును.

పిమ్మట నడక. రేవుగట్టు దాపుననున్న లిఫ్టు 58 మీటర్ల ఎత్తుననున్న అప్పర్ బరక్కా ఉద్యానమునకు చేర్చును. అచ్చటినుండి పటము మడిచి సంచిలో నుంచుకొని నడచితిని. ఏలయన ఇటలీ దేశపు దుర్గనిర్మాణనిపుణుడు ఫ్రాన్చెస్కో లాపరెల్లి వీధులను గళ్ళుగా, తిన్నగా తీర్చినందున అచ్చట దారి తప్పు భయము లేదు. సముద్రవాయువు నగరమంతట ప్రసరించుటకు ఆ తిన్నని వీధులు తోడ్పడుచున్నవి. ప్రతి గృహమునకును వాననీటిని నిలువచేయు భూగర్భకుండము ఉండవలెనని నాడు నియమము చేసిరి. నదులు లేని ద్వీపమున, ముట్టడి మరల వచ్చినచో, నీరే ప్రాణాధారము గదా! మెట్లవీధులలో ఆయాసపడి నిలిచి, అడ్డువీధుల చివర ఇరుప్రక్కల నీలసముద్రమును చూచునపుడు, భయమును దూరదృష్టియు కలసి ఈ పురమును నిర్మించెనని స్పష్టమగును.

ఇక త్యాగము. మ్యూజియములను, రాజభవనమును విడిచిపెట్టి, సెయింట్ జాన్ దేవాలయపు ప్రార్థనామందిరమున ఒక్క చిత్రము నెదుట నా సమయమును వ్యయపరచితిని. 1608లో కరవాజ్జో చిత్రించిన యోహాను శిరశ్ఛేద మది. లభ్యమైన అతని చిత్రములలో సంతకము గలది ఇదియొక్కటే, ఆ సంతకమును యోహాను కంఠమునుండి స్రవించు రక్తముననే వ్రాసెను. అదే సంవత్సరము వీరసంఘమున చేరిన ఆ చిత్రకారుడు, కలహమునకై చెరసాలపాలై, తప్పించుకొని పారిపోగా, డిసెంబరులో ఈ మందిరముననే అతనిని సంఘమునుండి బహిష్కరించిరి. మొదట మన దృష్టి కత్తివ్రేటుకు గురియైన దేహముమీద నిలుచును. కొంతసేపటికి కుడివైపున ఊచలకిటికీనుండి తొంగిచూచు ఇద్దరు బందీలు కానవత్తురు. ఇంకను నిలిచినచో వారి చుట్టునున్న ఆ విశాలాంధకారమే చిత్రమునకు బలమని తెలియును. త్వరపడువానికి ఈ మూడవ దర్శనము లభింపదు.

చివరిగంటలో చిన్న పడవనెక్కి ఆవలిగట్టుననున్న బిర్గు పట్టణమునకు పోయి, వెనుదిరిగి వలెట్టాను చూడవలెను. వీరసంఘము ముట్టడికాలమున నివసించినది ఆ బిర్గులోనే; తాను శంకుస్థాపన చేసిన నూతననగరము పూర్తి కాకమునుపే, 1568లో, వలెట్ మరణించెను.

రేవునగరములకు పోవు పాఠకులకు నా విన్నపమిది: నీటిమీదనుండి నగరమును చూడుడు, కాలినడకను తెలిసికొనుడు, ఒక్క వస్తువునెదుట తనివితీర నిలువుడు, తక్కినవాటిని నిశ్చింతగా విడువుడు. ఈ నియమమును పాటించువానికి ఆ కొద్ది గంటలే చాలును.