అత్యవసర విభాగంలో సగటు లెక్క

“గంటకు ఆరుగురిని చూడగల వైద్యుడున్నాడు, వచ్చేది అయిదుగురే, ఇంకొకరెందుకు?” అని ఆస్పత్రుల ఖర్చు చూసేవారు అడుగుతుంటారు. పైకి ఇందులో తప్పు కనబడదు. తప్పు సగటులో ఉన్నది.

కర్నూలు సర్వజన ఆస్పత్రికి ఆ జిల్లావారే కాక గద్వాల, రాయచూరు ప్రాంతాల రోగులూ వస్తారు. 44వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కగానే పోతున్నది. బస్సు బోల్తాపడితే పన్నెండుమంది ఒక్కసారే వస్తారు. అంతకుముందు గంటలో ఒక్కరూ రాకపోవచ్చు. ఆ ఖాళీ గంటను దాచుకొని రద్దీలో వాడుకొనే వీలులేదు గదా!

డెన్మార్కు గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లో టెలిఫోను పిలుపులకై ఆరంభించిన గణితం ఇక్కడా పనికివస్తుంది. రోగుల రాకలూ, ఒక్కొక్కరికి పట్టే కాలమూ యాదృచ్ఛికంగా మారుతుంటవనుకొందాం. గంటకు నలుగురు వస్తే సగటు నిరీక్షణ 20 నిమిషాలు, అయిదుగురైతే 50, సగటు అయిదున్నరకు పెరిగితే 110! (రాకల సంఖ్యను ఆరుచేతను, ఆరుకూ దానికీ గల తేడాచేతను భాగిస్తే నిరీక్షణ గంటలలో వస్తుంది, విద్యార్థులు కట్టి చూడవచ్చు.) అయిదుగురికి ఇద్దరు వైద్యులుంటే నిరీక్షణ సుమారు రెండు నిమిషాలే. అప్పుడు ఒక్కొక్క వైద్యుడు గంటలో 35 నిమిషాలు ఖాళీగా ఉంటాడు. దీనిని వృథా అనేవారు, అగ్నిమాపక బండి షెడ్డులో నిలిచివుండటాన్ని మాత్రం వృథా అనరు, ఎందుకో!

అయితే ఈ సూత్రాన్నీ గుడ్డిగా నమ్మరాదు. అది ముందు వచ్చినవారిని ముందు పంపుతుంది; గుండెనొప్పితో వచ్చినవానిని వేలు తెగినవాని వెనుక ఏ వైద్యుడూ నిలబెట్టడు. పైగా, కర్నూలులోగాని కడపలోగాని, పరీక్ష ముగిసిన రోగికి వార్డులో మంచం దొరకకపోతే అతడు అత్యవసర విభాగంలోనే ఉండిపోతాడు. అప్పుడు మూడవ వైద్యుని వేసినా వరుస కదలదు.