మోటారు మీద నింద వేసే ముందు

జూపాడు బంగ్లా చుట్టుపక్కల నల్లరేగడి చేలు, పోతిరెడ్డిపాడు రెగ్యులేటర్ కింద కాలువ గట్లు, వాటి పక్కనే కర్నూలు–గుంటూరు తారు రోడ్డు. వానాకాలంలో చక్రం రేగడిలో కూరుకుపోతే, ఫోర్ వీల్ డ్రైవ్ స్కార్పియో నడిపేవాళ్లు నాబ్‌ను రెండు చక్రాలే లాగే 2హెచ్ నుంచి నాలుగూ లాగే 4హెచ్‌కు తిప్పుతారు. వెంటనే ముందు చక్రాలకూ శక్తి పంపే ట్రాన్స్‌ఫర్ కేసుకు బిగించిన చిన్న డీసీ మోటారు కదిలి షిఫ్ట్ షాఫ్టును తిప్పుతుంది. షాఫ్టు ఎక్కడ ఆగిందో పొజిషన్ సెన్సరు కంప్యూటరుకు చెబుతుంది. మనం అడిగిన స్థానం, సెన్సరు చెప్పిన స్థానం కలవకపోతే ఇలాంటి బండ్లలో వార్నింగ్ లైటు మిణుకుమంటుంది.

లైటు చూడగానే మోటారు మార్చేయడం తేలిక. మంచి మెకానిక్ ముందు బండి ఎక్కడ తిరిగొచ్చిందో అడుగుతాడు. 4హెచ్‌లోనే తారు రోడ్డెక్కి మలుపులు తిరిగితే ముందు, వెనక చక్రాల వేగాలు కలవక గేర్లు బిగుసుకుంటాయి. ఆ బిగువును మోటారు విడిపించలేదు. బండిని నాలుగడుగులు వెనక్కి నడిపితే చాలాసార్లు విడిపోతుంది.

విడిపోకపోతే బ్యాటరీ, ఫ్యూజు, ఎర్త్ చూస్తాడు. బురదనీళ్లు పడే కప్లర్ విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో వెతుకుతాడు. నాకు ఎంతో నచ్చే పని ఆ తర్వాతిది. మోటారు వైర్ల దగ్గర మీటరు 12 వోల్టులు చూపినా అతను నమ్మడు. వైరులో ఒక్క పోగే మిగిలినా మీటరు అదే అంకె చూపుతుంది, ఎందుకంటే అది తీసుకునే కరెంటు దాదాపు శూన్యం. అందుకే ఆ రెండు వైర్లకు లోడుగా 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలిస్తాడు. అది నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. మోటారుకు కరెంటు వచ్చేది గేరు మారే కొన్ని క్షణాలే. “తమ్ముడూ, ఇప్పుడు తిప్పు” అని సీట్లో ఉన్న కుర్రాడికి చెప్పి బల్బునే చూస్తాడు. అటు తిప్పినా ఇటు తిప్పినా నిండుగా వెలిగితే వైరింగు బాగున్నట్టు. మసకగా వెలిగితే లోపం వైర్లలోనో, ఎర్త్‌లోనో, కరెంటు పంపే కంప్యూటరు వైపో ఉన్నట్టు.

బల్బు నిండుగా వెలిగాకే మోటారు విప్పుతాడు. ఫ్యూజు పెట్టిన వైర్లతో కాసేపు కరెంటిచ్చి అటూ ఇటూ తిప్పుతాడు. తిరిగేకొద్దీ సెన్సరు రీడింగు మారుతోందా, మధ్యలో తెగుతోందా గమనిస్తాడు. ట్రాన్స్‌ఫర్ కేసు షాఫ్టును కూడా చేత్తో తిప్పి చూస్తాడు. అది లోపలే పట్టేసి ఉంటే కొత్త మోటారు వేసినా అదే లైటు మళ్లీ వెలుగుతుంది. బిగించేటప్పుడు మోటారు, షాఫ్టు ఒకే స్థానంలో ఉండేలా కలుపుతాడు.

ఈ పనికి కావలసిన సరంజామా ఒక మీటరు, ఒక బల్బు, నాలుగు వైర్లు. మిగతాదంతా వరుస తప్పని ఆలోచన. ఖరీదైన భాగం మార్చమని ఎవరైనా చెప్పినప్పుడు, “లోడు పెట్టి చూశావా అన్నా?” అని అడగడం బండి యజమాని నేర్చుకోవాలి. పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు, బల్బు వెలిగించి చూపిస్తాడు.