తాలుకాయను రుచి అంటారా?

సినిమా బాగుందా బాగోలేదా అన్న వాదన మన దగ్గర ఎప్పుడూ ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది. తెలుగులో ‘లోకోభిన్నరుచి’ అంటారు. ఉర్దూలో ‘పసంద్ అప్నీ అప్నీ’ అంటారు. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. వినడానికి ఇది ఎంతో ప్రజాస్వామికంగా ఉంటుంది. కానీ ఈ మాట అందరికీ ఒకేలా దక్కదు. పదిమంది మెచ్చిన సినిమాను మేము ప్రశ్నిస్తే ‘కళకు కొలమానాలుంటాయి, మతం కళ్ళద్దాలు తీసి చూడండి’ అంటారు. తెర మీద సాయిబును వెక్కిరించారని మేమంటే ‘మాకు నవ్వొచ్చింది, మీకు రాలేదు, ఎవరి రుచి వాళ్ళది’ అంటారు. కొలమానమూ వాళ్ళదే, రుచీ వాళ్ళదే. మాకు మిగిల్చింది ‘మనోభావాలు’. అవి దెబ్బతినడం ఒక్కటే మాకు చేతనవునన్నట్టు మాట్లాడతారు. మాకు మనోభావాలే కాదు, విమర్శ కూడా ఉందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈ చిక్కు విప్పడానికి దూరం పోనక్కర్లేదు, గుంటూరు మిర్చి యార్డు చాలు. తేజ రకం ఘాటుకు పేరు. బ్యాడిగి రంగుకు పేరు. ఏది మేలంటే వంటను బట్టి, తినే నాలుకను బట్టి జవాబు. అది రుచి. తాలుకాయ సంగతి వేరు. రంగుపోయి తెల్లబారిన కాయను ‘మా ఇష్టం’ అని ఎవరూ మేలు రకంలో కలపరు. కళ్ళాల్లో ఎండకు కూర్చుని తాలు ఏరే ఆడకూలీలను అడగండి, కాయ చేతికి తగలగానే చెబుతారు. మూడోది రంగు కలిపిన కారం. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో సూడాన్ రంగు ఉందని యూరప్‌లో పట్టుకున్నారు. అది తాలులా వెలవెలపోదు. చూపుకు మేలు సరుకు కంటే ఎర్రగా ఉంటుంది. పరీక్షిస్తే తప్ప బయటపడదు.

సినిమాలోనూ ఈ మూడూ ఉన్నాయి. మూడింటినీ కలిపేసి ‘రుచి’ అని ఒక్క సంచిలో కట్టడమే అసలు మోసం.

ముందు తాలు సంగతి. తెలుగు సినిమాలో హాస్యానికి వచ్చే సాయిబు నోరు తెరిస్తే ప్రతి మాటకూ ‘కీ’ తగిలిస్తాడు. నీకీ, నాకీ, వాడికీ. ఈ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దూదేకుల ఇళ్ళలో అమ్మ జోలపాడేది తెలుగులోనే. పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఆ ఇళ్ళవాడే. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి కథ ఆయన నోట విని తెలుగు పల్లెలు ఊగిపోయాయి. 1986లో పద్మశ్రీ వచ్చింది. తిట్టుగా వాడే ‘పింజారి’ అన్న మాటనే ఆయన తన జీవితకథకు పేరుగా నిలబెట్టాడు. సినిమావాళ్ళకు ఆయన తెలియనివాడూ కాదు. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’లో ఆయన బుర్రకథ ఉంది. ఆ గొంతు విన్న పరిశ్రమే సాయిబుకు తెలుగు రాదని దశాబ్దాల తరబడి చూపించింది.

ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్ళ తెలుగులో యాస ఉండదా? ఉంటుంది. మా పెద్దవాళ్ళలో ఉంది. కానీ ఆ యాసకూ ఒక లెక్క ఉంది. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే, తెలుగులో ‘మేము’, ‘మనం’ రెండు. తడబాటు అలాంటి చోట వస్తుంది. దాన్ని చెవిపెట్టి విని రాసిన సంభాషణకు మేమూ నవ్వుతాం. అన్నిటికీ ‘కీ’ తగిలించడం వినకుండా రాసిన రాత. కెమెరా మసకబారితే లోపమంటున్నారు కదా, చెవి మసకబారితే ఎందుకు కాదు? ఇది మా రుచికీ మీ రుచికీ తగాదా కాదు. వెళ్ళి విని సరిచూసుకోగల విషయం.

రంగు కలపడానికి ఉదాహరణ ‘రోజా’. 1992లో తమిళంలో వచ్చి, తెలుగులోకి దిగి మన ఊళ్ళలోనూ విరగబడి ఆడింది. సంతోష్ శివన్ ఛాయాగ్రహణం, ఎ.ఆర్. రహమాన్ తొలి సంగీతం బాగోలేదని ఎవరంటారు? కాశ్మీరు కథకు మనాలీలో తీసిన దృశ్యాలు వాడారని మేము తప్పు పట్టడం లేదు, సినిమాకు ఆ హక్కుంది. మా పేచీ ఆ జెండా దృశ్యంతో. ఒకపక్క జెండా మండుతుంటే కథానాయకుడు దాని మీద పడి ఆర్పుతుంటాడు. ఇంకోపక్క మిలిటెంటు నమాజు చదువుతుంటాడు. ఈ రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి అతికించారు. నమాజు చేసేవాడికి దేశం మండినా పట్టదని ఆ అతుకు చెబుతుంది. ఒక పాత్ర క్రూరుడైతే అభ్యంతరం లేదు. ఆ క్రౌర్యానికి కోట్లమంది రోజూ చేసే ప్రార్థనను గుర్తుగా వాడారు. ‘ఎడిటింగ్ అద్భుతం, భావం సంగతి వదిలేయండి’ అంటే కుదరదు. ఆ భావం పుట్టిందే ఎడిటింగ్‌లో. పనితనం ఎంత గొప్పదైతే రంగు అంత బాగా అంటుకుంటుంది. 1994లో తేజస్విని నిరంజన ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఈ సినిమా మీద రాసినప్పుడు పెద్ద చర్చే నడిచింది. తెలుగులో మాత్రం పాటలు బాగున్నాయన్న దగ్గరే చాలామంది ఆగిపోయారు.

మేము పేర్లు చూసి తీర్పు చెబుతామన్నవాళ్ళకు ఒక మాట. 1995 నాటి ‘బొంబాయి’లో హిందూ తండ్రి పాత్ర వేసింది నాజర్, ముస్లిం తండ్రి పాత్ర వేసింది కిట్టి. నాజర్ ఆ పాత్రను ఎంత నమ్మకంగా చేశాడో మాకు తెలుసు. ఎవరు ఎవరి పాత్ర వేశారన్నది ఎన్నడూ మా ప్రశ్న కాదు. తెలుసుకుని చేశారా లేదా అన్నదే.

ఇక నిజంగా రుచి అనదగ్గది. రేపల్లె దగ్గర పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ 1980లో ‘శంకరాభరణం’ ఇచ్చారు. ఏ సంగీతం గొప్పదన్న ప్రశ్నే దాని కథ. అందులో మేము లేము. అదే నేలలో ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా అదే కర్ణాటక సంగీతాన్ని నాదస్వరం మీద పలికించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. అయినా ఆయనలాంటివారు ‘శంకరాభరణం’లో కనిపించలేదని ఆ సినిమాను తక్కువ చేయలేం. ఒక కథ ఎవరిని గురించి చెప్పాలన్నది చెప్పేవారి ఎంపిక. ఉన్నదాన్ని అబద్ధంగా చూపడం ఆ సినిమా లోపం. చూపకపోవడం దాని ఇష్టం. అయితే వందల సినిమాలు వరసపెట్టి అదే ఇష్టాన్ని ప్రకటిస్తే అది ఇక ఏ ఒక్కరి రుచీ కాదు. అప్పుడు ప్రశ్న వేయాల్సింది పరిశ్రమను.

ఈ త్రాసు మా వైపుకూ తిప్పాలి. కథానాయకుడి కోసం ప్రాణమిచ్చే మంచి సాయిబును చూసి మావాళ్ళే చప్పట్లు కొడతారు. పొగడ్త కూడా తాలే. ఆ సాయిబుకు ఇల్లు లేదు, అప్పు లేదు, కోపం లేదు. ‘గరమ్ హవా’లో ఎం.ఎస్. సత్యు చూపిన సలీం మీర్జాకు చెప్పుల కార్ఖానా ఉంది, అప్పు పుట్టని కష్టం ఉంది, ఖాళీ చేయాల్సిన ఇల్లుంది. ‘వేదం’ (2010)లో మనోజ్ బాజ్‌పాయ్ వేసిన రహీముద్దీన్‌కు అవమానం ఉంది, దాన్ని దిగమింగలేని బాధ ఉంది. అవి మమ్మల్ని మెచ్చుకున్నందుకు మంచి సినిమాలు కాలేదు. తెలుసుకుని తీశారు. అవార్డు చూసి ఈ తేడా పోల్చుకోలేం. జాతీయ సమైక్యత పేరిట జాతీయ అవార్డు ‘గరమ్ హవా’కూ వచ్చింది, ‘రోజా’కూ వచ్చింది.

తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు సినిమాను కాలక్షేపమని వదిలేయకుండా విమర్శకు పెట్టి ఎన్నో వ్యాసాలు రాశాడు. ఆ పని ఇంకా మిగిలే ఉంది. అందులో మా వాటా మేము అడుగుతున్నాం. హాల్లో దీపాలు ఆరిపోయాక అందరం ‘మనం’. ‘నీకీ నాకీ’ సాయిబు తెర మీదికి రాగానే హాలంతా నవ్వుతుంది, మా పిల్లలు తలవంచుకుంటారు, ఆ క్షణాన మేము ‘మేము’ అయిపోతాం. ఉర్దూలో ఆ రెంటికీ ఒకే మాట గనుక ఈ విడిపోవడం మాకు తెలుగులోనే ముందు తెలిసింది. ఈసారి మేము ఒక సినిమాను తప్పు పట్టినప్పుడు ‘మీకు నచ్చలేదా’ అని అడగకండి. ‘ఎక్కడ తప్పింది’ అని అడగండి. చూపిస్తాం. తాలు ఏరమన్నవాడికి పంట మీద పగ ఉండదు.