వాలు తెలిసిన మేస్త్రి

ఇంటి చుట్టూ ఉన్న జాగాను ఇంట్లో కలిపేవాడు తాపీమేస్త్రి. వీధి అరుగు అడుగున్నర ఎత్తులో కడితే, వచ్చినవాళ్ళు కాళ్ళు నేలకు ఆనించి హాయిగా కూర్చుంటారు. అరుగు మీద పరిచే నల్లటి కడప బండ ఎండకు కాలుతుంది కనుక మంచి మేస్త్రి చూరును ముందుకు చాపుతాడు.

అసలు పనితనం పెరట్లో చూడాలి. నాలుగడుగులకు అంగుళం చొప్పున ఇచ్చిన వాలు కంటికి ఆనదు. బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే మాత్రం ఎక్కడా నిలవకుండా అరటిపాదుకు చేరతాయి. ట్యూబులో నీళ్ళు నింపి మట్టం చూసే ఆ చేతులంటే నాకెంతో గౌరవం. తులసికోట ముందు ముగ్గుకు చోటు వదలడం, వేపచెట్టు మొదట్లో సిమెంటు పోయకుండా మట్టి ఉంచడం కూడా ఆయనకు తెలుసు.

ఇల్లు కట్టేవాళ్ళకు నా మనవి: పునాది తీయకముందే మేస్త్రితో కలిసి ఆ నేలంతా ఒకసారి నడవండి.