గోడ మిగిలిన ఊరు, వీధి మిగిలిన ఊరు

ఊరిని ఎరగడానికి కాళ్లను మించిన సాధనం లేదన్నది ఈ శీర్షిక పాఠకులకు చిరపరిచితమైన వాదం. జపాన్‌లోని హాగీని ఒక్కరోజులో కాలినడకన చూపిస్తామంటూ ఈ వారం వచ్చిన యాత్రా కరపత్రం ఆ వాదానికి బలం చేకూర్చేదే. హాగీ ఒక జోకామాచి, అనగా ఏలిక కోట చుట్టూ పెరిగిన పట్టణం. అక్కడ 1604లో మోరి తెరుమోతో పూనుకొని కట్టించిన కోటను 1874లో కూల్చివేసినా, యోధుల ఇళ్లూ వర్తకుల ఇళ్లూ ఉన్న వీధులు పాత వరుసలోనే నిలిచాయి గనుక, కొన్ని వందల ఏళ్లనాటి పటం పట్టుకొని నేటికీ దారి వెతుక్కోవచ్చునంటారు.

పెద్దేముల్, తాండూరు వాసులకు ఇటువంటి నడకకు అందుబాటులో ఉన్నది మల్ఖేడ్. తాండూరును ఆనుకొని పారే కాగ్నా నదే కర్ణాటకలో కాగిణా అయి మల్ఖేడ్ కోట పక్కగా సాగి భీమలో కలుస్తుంది. వాడి వైపు వెళ్లే రైలుకు సేడం దాటాక మల్ఖేడ్ రోడ్ స్టేషను వస్తుంది. 9వ శతాబ్దిలో అమోఘవర్షుడు ఏలిన రాష్ట్రకూట రాజధాని మాన్యఖేటం ఇదే. అక్కడి రాయి తాండూరు మనిషికి కొత్త కాదు: పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి, ఉలి వాటంగా పడితే పలకగా విడివడే నాపరాయి, ఈ పల్లెల్లో నేలకూ అరుగుకూ పరిచే బండ.

అక్కడ కూడా పటాలూ సూచికలూ పెడితే చాలుననిపిస్తుంది. అయితే 972లో మాళవరాజు సీయకుడు దోచుకున్న ఆ నగరానికి, హాగీకి భిన్నంగా, గోడ మిగిలింది గాని నాటి వీధి మిగలలేదు. పటంతో పోల్చుకోవడానికి నేలమీద ఏమీ లేనిచోట ఎంత తిరిగినా రాజధాని కనబడదు. అది కనబడేది రాతల్లో: అరబ్బు వర్తకుల 851 నాటి వృత్తాంతం ఈ వంశపు రాజును బల్హరా పేరుతో లోకంలోని నలుగురు మహారాజులలో ఒకరిగా ఎంచింది, రాష్ట్రకూట సామంతులైన వేములవాడ చాళుక్యుల కొలువులో పంపకవి ఉండగా, అతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనంలో తెలుగు కందపద్యాలు వెలిశాయి. కనుక మల్ఖేడ్ విషయంలో చదువు ముందు, నడక తరువాత.

ఉన్నది ఒక్కరోజే అయితే మొదట నేమినాథ బసదికి, అనగా జైన దేవాలయానికి వెళ్లి, అక్కడ లోహపు మందిరంలో వరుసలుగా పోతపోసిన చిన్న చిన్న జినప్రతిమలను నింపాదిగా చూసి, ఆపైన ఉత్తరాది మఠంలో భక్తులు కొలిచే జయతీర్థుల బృందావనానికి, అంటే మధ్వయతి సమాధికి పోవాలి; కోటగోడ సాయంత్రం దాకా ఆగగలదు.