ఇరవై దాటనీ

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఐటీ సపోర్టు చూసే మాలాంటివాళ్లకు ఆ తేదీ ఎప్పటినుంచో తెలుసు. అయినా చాలా ఆఫీసుల్లో "ఎప్పుడు మారుద్దాం?" అన్న మాట చివరి నెలదాకా నానింది.

ఇందులో రెండు పనుల్ని ఒకే గాటన కట్టేస్తుంటారు. సెక్యూరిటీ ప్యాచ్ వేరు, వెర్షన్ మార్పు వేరు. ప్యాచ్ వాయిదా వేయకూడదని నా గట్టి నమ్మకం. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ తాళాలేసింది. విండోస్ 7లో అది దూరే కన్నాన్ని పూడ్చే ప్యాచ్ మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

వెర్షన్ విషయంలో మాత్రం తొందర పనికిరాదు. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే చెరిపేసింది. కొద్దిరోజుల్లోనే దాన్ని ఆపి, నవంబర్‌లో సరిచేసి మళ్లీ ఇచ్చారు.

కొన్ని పీసీలకైతే వెర్షన్ మార్చనే కూడదు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ 1970లలో మా ఎలక్ట్రానిక్ సిటీని వేసింది ఎలక్ట్రానిక్స్ కోసం. ఇప్పటికీ ఇక్కడి టెస్ట్ బెంచ్‌ల మీద పాత పీసీలు కనిపిస్తాయి. వెనక సీరియల్ పోర్టు, దానికో కేబుల్, అవతల కొలిచే పరికరం. దాని డ్రైవర్‌కి కొత్త వెర్షన్ లేదు, రాదు కూడా. అలాంటి పీసీ జోలికి నేను పోను. నెట్‌వర్క్ నుంచి తప్పించి, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకుండా అలాగే నడవనిస్తాను.

విండోస్ 11కి మార్చేటప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది అకౌంట్స్ సెక్షన్.

"అన్నా, ఈ శనివారం అందరివీ కానిచ్చేద్దామా?" అంటాడు మా టీమ్‌లో అనంతపురం తమ్ముడు.

"అకౌంట్స్ వాళ్లవి ముట్టుకోకు. ఇరవై దాటనీ."

నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే కంపెనీకి 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ గడువు. సంతకానికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చాలి. దాని డ్రైవర్ కొత్త విండోస్‌లో మొరాయిస్తే ఆలస్య రుసుము మొదలవుతుంది. అందుకే ముందు విడిగా ఒక సిస్టమ్‌లో విండోస్ 11 వేసి, అదే టోకెన్‌తో జీఎస్టీ పోర్టల్‌లోకి వెళ్లి చూస్తాం. ఇన్‌వాయిస్ ప్రింటు తీస్తాం. ఆ తర్వాతే మిగతావి.

ఇంకో చిక్కుంది. నచ్చకపోతే పాత విండోస్‌కి వెనక్కి వెళ్లడానికి మామూలుగా ఇచ్చే గడువు పది రోజులు. 21న మారిస్తే నెలాఖరుకే అది అయిపోతుంది. అసలు పరీక్షేమో వచ్చే నెల 11న! కాబట్టి అప్‌గ్రేడ్ అయిన రోజే ఆ గడువును అరవై రోజులకు పెంచుతాం. అందుకు ఒక్క కమాండ్ చాలు. డిస్క్ శుభ్రం చేస్తూ పాత విండోస్ ఫోల్డర్‌ని తీసేయొద్దని అకౌంట్స్ వాళ్లకు మరీ మరీ చెప్తాం.